జుబైల్ నీటికాకులూ, నా ప్లాస్టిక్ జూమ్ లెన్సూ

అమ్మకు ఫైనల్ ఎగ్జిట్ పడింది, అంటే సౌదీ వదిలి శాశ్వతంగా ఇంటికే. ముప్పై ఏళ్లకు పైగా జుబైల్‌లో నర్సుగా చేసి, వచ్చే గురువారం పాలకొల్లు వెళ్లిపోతోంది. వెళ్లేలోపు ఏదైనా చూపించాలని నా తాపత్రయం. బహ్రెయిన్ వంతెన అన్నాను, రియాద్ అన్నాను. అట్టపెట్టెకు టేపు వేస్తూ ఆవిడ తల కూడా ఎత్తలేదు. "నీటికాకి రెక్కలు విప్పుతుంటే చూడాలే. ఒక్కసారి," అంది.

ఆ కోరిక యుద్ధం నాటిది. అమ్మ ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజుల్లో గల్ఫ్ యుద్ధం జరిగి, సముద్రంలోకి వదిలిన చమురు ఈ తీరమంతా నల్లగా పేరుకుంది. డ్యూటీ దిగిన నర్సులు కొందరు, వాళ్లలో అమ్మ కూడా, వెళ్లి చమురు పట్టిన పక్షులను తొట్లలో పెట్టి గిన్నెలు తోమే సబ్బుతో కడిగారట. రెక్కలు ఒంటికి అతుక్కుపోయి, చేత్తో విప్పినా మళ్లీ ముడుచుకునేవట. చాలా పక్షులు తెల్లారేదాకా బతికేవి కావు. బతికినవాటిని పెట్టెల్లో ఎక్కడికో తీసుకెళ్లారు. అవి మళ్లీ ఎగిరాయో లేదో అమ్మకు ఎవరూ చెప్పలేదు. తరవాత ఇన్నేళ్లలో ఎన్నిసార్లు బీచ్‌కు వెళ్లినా, ఆవిడ నీళ్లకు వీపు పెట్టి పులిహోర డబ్బా వైపు తిరిగి కూర్చునేది. ఎందుకో నాకు అట్టపెట్టెల దగ్గరే తెలిసింది.

చిక్కేమిటంటే అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ ఇంటికి వెళ్లాకే. బైనాక్యులర్ పెడితే కళ్లు తిరుగుతున్నాయంటుంది. మోకాళ్లు బురదనేల మీద నడవనివ్వవు. ఇక మిగిలింది నా కెమెరా వెనక తెర. బొమ్మను అక్కడ పెద్దది చేసి చూపిస్తే ఆవిడకు కనిపిస్తుంది. అందుకని నాలుగు వందల రియాళ్లకు సెకండ్ హ్యాండ్‌లో కొన్న జూమ్ లెన్స్ తీసుకుని బయలుదేరాను. యాభై అయిదు నుంచి రెండు వందల యాభై మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. బరువు అరకిలో కూడా ఉండదు, కెమెరాకు బిగించే చోటు కూడా ప్లాస్టిక్కే. దాన్ని చూసి ఆఫీసులో నా పక్క సీటాయన "బొమ్మ లెన్స్" అన్నాడు. హ్యాండ్‌బ్యాగులో చపాతీల పక్కన పట్టే లెన్స్ అదొక్కటే మరి.

నాకు లైసెన్సుంది గానీ, పక్షులు దిగే మడుగుల దారి ఉప్పునేల. పైకి గట్టిగా కనిపించి చక్రాన్ని మింగేస్తుంది. టాక్సీ నడిపే జగిత్యాల మల్లేశన్న పెద్ద బండి మాట్లాడుకున్నాం, పూటకు నూట యాభై రియాళ్లు. శీతాకాలం కదా, ఆరింటికి బయలుదేరితే ఇరవై నిమిషాల్లో రెల్లుపొదల దగ్గరున్నాం. దిగుతుంటే మల్లేశన్న ఒక్క మాటన్నాడు: "చెల్లె, ఆ మంట గొట్టాల దిక్కు కెమెరా పెట్టకు. ఈడ ఫ్యాక్టరీల ఫోటోలు తియ్యనియ్యరు. పట్టుకుంటే నా బండి కూడా ఆపుతరు."

"గొట్టాలా? అవి ఎక్కడో ఉన్నాయి కదన్నా," అన్నాను.

మొదటి అరగంట లెన్స్ విసిగించింది. వెలుతురు చాలక, ఫోకస్ గుయ్‌మంటూ ముందుకీ వెనక్కీ తిరిగింది. రెల్లును పట్టుకుంటుంది తప్ప పక్షిని పట్టదు. సూర్యుడు బారెడెక్కాక మాత్రం మారిపోయింది. చేతులు వణికినా బొమ్మ నిలబెట్టింది. చివరిదాకా లాగితే కాస్త మెత్తబడుతోంది, రెండు వందల దగ్గర ఆపితే ఈకలు లెక్కపెట్టవచ్చు. నీళ్లలో పాతిన కొయ్యల మీద నీటికాకులు వరుసగా కూర్చున్నాయి. కారులోంచి అమ్మ అడుగుతూనే ఉంది.

"వచ్చిందా?"

"ఆగమ్మా, మంచివి కొన్ని పడనీ. అన్నీ కలిపి చూపిస్తాను."

అంతలో ఒకటి రెక్కలు బార్లా చాపింది. వరసగా నొక్కేశాను. వెనకే జీపు ఆగిన చప్పుడు.

సెక్యూరిటీ అతను మర్యాదగానే చెయ్యి చాచాడు. కెమెరా తెర చూసి ముఖం బిగించి "మమ్నూ" అన్నాడు. కూడదని. నేనూ చూశాను. దూరాన కంటికి అగ్గిపుల్లంతగా కనిపించే మంట గొట్టం, బొమ్మలో పక్షి భుజం మీద నిలబడి ఉంది. దూరాలను మడిచి దగ్గర పెట్టడమే జూమ్ లెన్స్ పని. మేమేదో ఫ్యాక్టరీ గోడ ఎక్కి తీసినట్టుంది.

అమ్మ కారు తలుపు పట్టుకుని దిగింది. ఆవిడకు వచ్చిన అరబ్బీ అంతా వార్డు అరబ్బీ. సూది పొడిచే ముందు చెప్పేదే అతనికీ చెప్పింది: "మాఫీ ఖౌఫ్... షువై షువై." భయం లేదు, మెల్లగా మెల్లగా.

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "సిస్టర్? ముస్తష్ఫా?"

"అవును నాయనా, హాస్పిటలే," అంది అమ్మ తెలుగులో.

గొట్టం పడినవన్నీ దగ్గరుండి చెరిపించాడు. రెక్కలు చాపినవన్నీ వాటిలోనే పోయాయి. అమ్మ ఒక్కటీ చూడలేదు. వెళ్తూ మాత్రం మడుగు గట్టుకు అవతలి వైపు చూపించి, అటు నుంచి తీసుకోమని, వెనక నీళ్లే ఉంటాయని సైగ చేశాడు.

"నే జెప్తే ఇన్నవా?" అన్నాడు మల్లేశన్న బండి తిప్పుతూ. "ఇంక అమ్మకేం జూపిస్తవ్?"

గట్టు అవతల ఎండ ఎదురు. ఎనిమిది దాటింది, నీళ్ల మీద వేడి లేచి బొమ్మ అలలాడటం మొదలైంది. ఏ ధర లెన్సయినా దాన్ని ఆపలేదు. ఈసారి కారు కిటికీ మీద శాలువా మడిచి పెట్టి, కెమెరా ఆనించి, అమ్మను పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఒక నీటికాకి మునిగి లేచి కొయ్యెక్కింది. విదిలించుకుంది. నొక్కాను, వెంటనే తెర పెద్దది చేసి అమ్మ ఒళ్లో పెట్టాను. పక్షి ఎదురెండలో నల్లటి నీడ, అంచులు చెదిరాయి. రెండు రెక్కలూ మాత్రం పూర్తిగా విప్పి ఉన్నాయి.

అమ్మ తెరను ముక్కు దాకా తెచ్చుకుంది. వేలితో ఒక రెక్క చివర నుంచి రెండో దాని చివర దాకా మెల్లగా రాసింది.

"ఇంత వెడల్పుంటుందా," అంది. ఇంకోసారి రాస్తూ, "మేం విప్పితే నిలిచేది కాదే," అంది. తరవాత కళ్లద్దాలు తుడుచుకుని మల్లేశన్నకు చపాతీ ఇచ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆవిడ నీళ్ల వైపు సీట్లో కూర్చుంది. తను కడిగినవి బతికాయో లేదో ఈ బొమ్మ చెప్పదు, అది ఆవిడకూ తెలుసు. కానీ ఆ నీళ్లలో మళ్లీ చేపలున్నాయి, వాటి కోసం మునిగి, తడిసి, రెక్కలు ఆరబెట్టుకునే పక్షులున్నాయి. ఎక్కువ ధర లెన్సుతో అంచులు ఇంకా పదునుగా వచ్చేవేమో. అది మోయలేక నేను ఇంట్లోనే వదిలేసి వచ్చేదాన్నేమో కూడా. అమ్మ సూట్‌కేసులో ఇప్పుడు చెదిరిన అంచులతోనే ఆ ఫోటో ప్రింటు, చీరల మధ్య మడత పడకుండా ఉంది.

వెళ్లాలనుకునేవారికి నా సలహా ఒకటే. ఎవరికోసమైనా ఫోటో తీస్తుంటే, మంచివన్నీ పోగుచేసి తరవాత చూపిద్దామని ఆగకండి. మొదటిది పడగానే, అది ఎలా వచ్చినా, కెమెరా వాళ్ల చేతిలో పెట్టండి.