చెరువుకి షుగర్ అని నవ్విన మా సుబ్బు అన్నయ్య

నిన్న పొద్దున్న తాడేపల్లిగూడెం బస్టాండ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. సుబ్బు అన్నయ్య చెరువు దగ్గర పనిచేసే ఆయన.

"మేడంగారూ, అన్నగారు మేత వేస్తా గట్టు మీద పడిపోయారండి. ఇంక లేరండి."

నేను ఏమన్నానో గుర్తులేదు. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

సుబ్బు అన్నయ్య మా పెదనాన్న కొడుకు. గణపవరం దగ్గర చేపల చెరువు. మా ఇంట్లో అందరి కాగితాలూ దాచే మనిషి కూడా తనే. ఏ రిపోర్ట్ కావాలన్నా అన్నయ్యనే అడిగేవాళ్ళం.

ఆమధ్య అన్నీ ఫోటోలు తీసి ఒక యాప్‌లో అప్‌లోడ్ చేసి, మాకూ షేర్ చేశాడు. మనం సర్దక్కర్లేదు. అదే చదువుకుని, దేనికేది సంబంధమో చూసి ఫోల్డర్లు పెట్టేస్తుంది. పాస్‌బుక్కులు ఒకచోట, మేత బిల్లులు ఒకచోట, అన్నయ్య కూతురు హారిక స్కూల్ కాగితాలు ఒకచోట.

చెరువు నీళ్ళ టెస్ట్ రిపోర్ట్‌ని మాత్రం తీసుకెళ్ళి పెద్దమ్మ షుగర్ రిపోర్టుల్లో పెట్టింది. అన్నయ్య కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాడు, మా చెరువుకి షుగరంటండీ, ఇంక బెల్లం నీళ్ళు పొయ్యకూడదంటండీ అని.

ఆ నవ్వే కొంప ముంచింది.

తర్వాత ఒకరోజు ఎవరూ అడక్కుండానే ఆ యాప్ ఇంకో ఫోల్డర్ చేసింది. పెదనాన్న పాత ఈసీజీ, మా నాన్నది, అన్నయ్య ఇన్సూరెన్స్ కోసం తీయించుకున్నది, నా ఉద్యోగం మెడికల్‌ది.

పెదనాన్న, నాన్న ఇద్దరూ చిన్న వయసులోనే, నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే పోయారు.

పైన ఒక లైన్. ఈ నలుగురి గుండె కొట్టుకునే తీరు ఒకేలా ఉంది, డాక్టర్‌కి చూపించండి అని.

వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసి ఏలూరు ఆసుపత్రికి వెళ్దాం పద అన్నాను.

"చెరువుకి షుగర్ అన్నది కూడా ఇదేగా చెల్లాయ్. పట్టుబడి అవనీ, ఎల్దాం."

చేపలు పట్టి లారీ ఎక్కించేదాకా చెరువు రైతు గట్టు వదలడు. సరే అన్నాను.

పట్టుబడి వచ్చే వారం.

నిన్న అన్నయ్యని తీసుకెళ్ళిన హాస్పిటల్ వాళ్ళిచ్చిన కాగితం పోతుందేమోనని అలవాటుగా అందులోనే అప్‌లోడ్ చేశాను. ఇవాళ చూస్తే దాన్ని ఆ ఈసీజీల ఫోల్డర్‌లోనే పెట్టింది.

దాని కింద ఇంకోటి ఉంది. హారిక స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్‌కి తీయించిన ఈసీజీ. మొన్నటిదాకా స్కూల్ కాగితాల్లో ఉండేది. యాపే దాన్ని తీసి ఇక్కడ పెట్టింది.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

హారిక ఏడ్చి ఏడ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుంది. దాని వీపు పైకీ కిందకీ కదులుతుంటే అదే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి ఆగినట్టనిపించి లేచి చెయ్యి వేసి చూశాను.

వదినకి చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"చెరువుకి తప్పే చెప్పింది కదా. ఇదీ తప్పేనా?"

అది డాక్టరే చెప్పాలి వదినా అన్నాను.

మైలలో ఆసుపత్రికేంటని ఎవరేమన్నా అనుకోనీ, రేపు హారికని తీసుకుని ఏలూరు వెళ్తున్నాను. ఇద్దరం చూపించుకుంటాం. ఇది చదువుతున్న మన ఇంటివాళ్ళెవరూ ఏ పట్టుబడి దాకా ఆగకండి.

అన్నయ్యా, గట్టు మీద తిరిగింది చాలు. ఇంక ప్రశాంతంగా పడుకో.

ఆ యాప్ మళ్ళీ తప్పే చెప్పిందని రేపు తేలితే, నీలాగే కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వుతాను.