పుట్టింటికి రాని బీర

గురునాథరావు పేరు చెబితే మా భిలాయి క్యాంప్ వన్ బస్తీలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బీరపాదు. ముప్పై ఏళ్ళకు పైగా ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపాడు పాపం. ఎర్రగా కాలే ఇనుప దిమ్మల్ని ఎత్తి దించుతూ ఆ రొదకి ఒక చెవి పోగొట్టుకున్నాడు. అదెవరికీ పట్టదు. బీరకాయల గురునాథం అంటేనే ఆటోవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. మా ఇల్లు ఆయన గోడకి ఇవతల. కాబట్టి నేను చెప్పబోయేది ఎవరో చెప్పగా విన్నది కాదు.

ఆ బీర నిజానికి ఆయనది కాదు, తల్లి గున్నమ్మది. ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో, మొగుడికి ఇక్కడ మట్టిపని దొరికిందని పార్వతీపురం దగ్గర పల్లె నుంచి రైలెక్కి వస్తూ, వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనాలు కొంగున ముడేసుకుని తెచ్చింది. జానెడుకు మించి పెరగని పొట్టి కాయ. పాలు పోసి వండితే వండిన మనిషికి మిగలదు. బజారులో అమ్మేవన్నీ పీచుకాయలని, బీర అంటే ఇదొక్కటేనని గున్నమ్మ తీర్పు. తొంభైకి దగ్గర పడుతున్నా వానాకాలం వచ్చిందంటే పందిరి కింద మంచం వేయించుకుని, ఏ పిందె ఎక్కడుందో కోడలికి చూపించేది.

లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు గురునాథరావు ఫోన్‌లో ‘మన పాదులు’ అని ఒక గ్రూపు పెట్టాడు. పెరట్లోనో డాబా మీదో నాలుగు మొక్కలున్న భిలాయి తెలుగువాళ్ళు ఎవరైనా చేరవచ్చు. క్యాంపుల వాళ్ళం, సెక్టార్ల వాళ్ళు, నందిని గనుల కాలనీ వాళ్ళు అందరం చేరాం. పొద్దున్నే శుభోదయం బొమ్మలు వద్దు, దేవుళ్ళు వద్దు, నాయకులు వద్దు, పురుగు పట్టిన ఆకైనా సరే మొక్కే పెట్టాలి అని ఆయన షరతు. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో మా మతులు చెడకుండా కాపాడింది ఆ గ్రూపే.

అందులోనే పరిచయమయ్యారు శ్యామసుందర్ గారు. ప్లాంటులో పెద్ద ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక నెహ్రూనగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గురునాథరావు క్రేన్ మీద నుంచి ఆయన హెల్మెట్ తప్ప మొహం చూసి ఉండడు. పొట్టిబీర ఫొటో చూసి విత్తనాలు కావాలని అడిగి, భార్య మణిమాలతో సహా వచ్చారు. కారు మా సందులో పట్టక నడిచి వచ్చారు. గున్నమ్మ పొట్లంలో విత్తనాలతో పాటు పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం, బెల్లం ముక్క పెట్టి మణిమాల చేతికిచ్చింది.

“పిల్లనిస్తన్నానమ్మా. మీ ఇంటి కోడలు. బాగా సూసుకోండి.”

మణిమాల నవ్వుతూ కొంగు పట్టింది. ఆ రోజు నుంచి గురునాథరావు, శ్యామసుందర్ గారు వియ్యంకులైపోయారు. ‘బావగారూ’ అంటే ‘బావగారూ’. అది చూసి ముచ్చటపడి గ్రూపు మొత్తం అదే పద్ధతి పట్టుకుంది. విత్తనం వెళ్ళిన ఇల్లు అత్తిల్లు. ఎండాకాలం పంట అక్కడ, వానాకాలం పంట పుట్టింట్లో. విత్తనమంతా పంపాలి. సగం దాచుకుంటే సంబంధం మీద నమ్మకం లేనట్టు. ఆషాఢానికి పుట్టింటివాళ్ళు సారెతో వెళ్ళి, పిలిచి తెచ్చుకోవాలి. పిలవకుండా అత్తింటివాళ్ళే తెచ్చి దింపితే పిల్లని గెంటేసినట్టు. అన్నీ నవ్వులాటకి పెట్టుకున్నవే. కాని నవ్వుతూ పెట్టుకున్న కట్టుబాటు ఎంత గట్టిదో మాకప్పుడు తెలియలేదు.

శ్యామసుందర్ గారు సాయంత్రాలు మా సందులోకి వచ్చేవారు. గురునాథరావుకి వినపడే చెవి ఏ వైపుదో గుర్తుపెట్టుకుని ఆ వైపే కుర్చీ లాక్కునేవారు. కట్టుకున్న భార్య దుర్గాదేవే ఆ సంగతి మరిచిపోయి అవతలి చెవిలో అరిచేది. ఈయన మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

అంత బాగున్నది ఎక్కడ చెడింది? ఆంధ్రాలో ఎన్నికలొచ్చాయి.

మాలో ఎవరికీ అక్కడ ఓటు లేదు. మా వేళ్ళ మీద సిరా ఇక్కడిదే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని ఓటుకి మావాళ్ళు జెండాలెత్తారు. సరిగ్గా ఆ వేసవిలోనే శ్యామసుందర్ గారు ‘మా కోడలు పూసింది’ అని పొట్టిబీర తొలిపువ్వు ఫొటో పెట్టారు. బీరపువ్వు ఏ రంగో మీకు తెలుసు. అదే రంగు ఒక పార్టీది కూడా కావడమే ఆ పువ్వు చేసుకున్న పాపం. ఆ పార్టీ పేరు నేను చెప్పను, చెబితే మళ్ళీ మొదలవుతుంది. పవర్ హౌస్ బజారులో ఫ్యాన్లు బాగుచేసే ఉదయ్‌కుమార్ ఊరుకోక ఫొటో కింద ఆ పార్టీ నినాదం రాశాడు.

గురునాథరావు అవతలి పార్టీ అభిమాని. గ్రూపు పెద్దగా ‘నాయకులు వద్దు’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ‘ఆఫీసర్ల ఇంట్లో పూసిన పువ్వుకి ఆ రంగు కాక మరేటొస్తాది’ అని రాశాడు. వెక్కిరింపే గాని అందులో ముల్లుంది. శ్యామసుందర్ గారికి అది గుచ్చుకుంది. ‘సర్కారు పంచేదానికి చెయ్యి చాపేవాళ్ళ కంటికి ఏ రంగైనా ఒకటేలెండి బావగారూ’ అని జవాబు పెట్టారు. జీవితంలో ఒకరి ముందు చెయ్యి చాపని మనిషిని పట్టుకుని అనకూడని మాట అది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం.

చిలికి చిలికి గాలివానైంది. ‘అంకుల్, మజాక్ చేశాను, వదిలేయండి’ అని ఉదయ్‌కుమార్ బతిమాలాడు. అంటించిన వాడి మాట మంట వింటుందా? వంకాయల గురించి నోరెత్తని వాళ్ళు కూడా దిగారు. తాతల కాలం నాటి కులాల మాటలు, జిల్లాల మాటలు బయటికొచ్చాయి. ఫలితాలొచ్చిన రోజు మధ్యాహ్నానికి శ్యామసుందర్ గారి పార్టీ గెలిచినట్టు తేలిపోయింది. ఆయన ఒక్క మాట కూడా రాయకుండా, ఆ పాత పువ్వు ఫొటోనే మళ్ళీ పెట్టారు. గురునాథరావు అరుగు మీద కూర్చుని ఆ ఫొటో కాసేపు చూసి, ఆయన్ని గ్రూపులోంచి తీసేశాడు.

సాయంత్రానికి సగం మంది వెళ్ళిపోయి ‘అసలైన మన పాదులు’ అని ఇంకోటి పెట్టుకున్నారు. నేను రెండింట్లోనూ ఉన్నాను. రెండింట్లోనూ మొక్కలు కనపడటం మానేశాయి.

ఆషాఢం వచ్చింది. విత్తనమంతా నెహ్రూనగర్‌లో ఉంది. ఇక్కడ పందిరి ఖాళీ.

“ఎల్లి తెచ్చీండి” అంది దుర్గాదేవి. “ఓటు మీకూ లేదు, ఆయనకీ లేదు. మధ్యన అత్తమ్మ కూరేటి సేసింది?”

“తీసీసినోడిని నాను. ఏ మొహం పెట్టుకుని ఎల్తాను?” అన్నాడు. వెంటనే మాట మార్చేశాడు. “ఆయనే తెచ్చి ఇవ్వొచ్చు గదా.”

“పిలవకండా ఎలాగ తెస్తారు? ఆ కట్టుబాటు పెట్టింది మనవే గదా.”

అదే వారం పవర్ హౌస్ బజారులో మణిమాల కనిపించింది. “ఆయన రోజూ గేటు వైపే చూస్తున్నారండీ. నేను పట్టుకెళ్ళి ఇచ్చేస్తానంటే ఒప్పుకోరు. పిలవకుండా దింపితే గెంటేసినట్టు అనుకోరా అంటారు” అంది. ఆ మాట తెచ్చి ఈయనకి చెప్పాను. ఈయన మాట తీసుకెళ్ళి ఆవిడకి చెప్పాను. అందరూ విన్నారు, ఎవరూ కదల్లేదు. ఇద్దరి నెత్తినా చెరో మొట్టికాయ వెయ్యాలనిపించింది. ఇద్దరూ నాకన్నా పెద్దవాళ్ళు, ఏం చేస్తాను.

గున్నమ్మకి బజారు బీర వండిపెట్టారు. ఒక ముద్ద తిని కంచం పక్కకి తోసింది.

“ఒరే గురునాదం, మనదేదిరా?”

“అత్తింట్లో ఉందమ్మా.”

“ఆసాడం ఎల్లిపోతంది గదరా. తేకపోతే పిల్ల ఏడవదేటి?” అని నవ్వింది. అప్పటికి ఆవిడకి ఇంకా అన్నీ గుర్తున్నాయి. ఆట అని తెలిసే అంది. కొడుకు మాత్రం నవ్వలేదు, వచ్చే ఏడు తెస్తానులే అన్నాడు.

వచ్చే ఏడూ తేలేదు. ఆ ఏడాది ఆవిడ అడిగింది గాని నవ్వలేదు. ఆ చలికాలం నుంచి మతిమరుపు ఎక్కువైంది. దుర్గాదేవిని ఒకసారి కోడలనుకుంటుంది, ఒకసారి పొరుగు పిల్లనుకుంటుంది. నన్ను చూసి, బియ్యం అప్పుకొచ్చావా అని అడిగేది. ఒకనాడు కొడుకుని ‘ఎవరు బాబూ’ అంది. గురునాథరావు వినపడనట్టు ఊరుకున్నాడు. అవతలి చెవిలో పడి ఉంటుందని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఈ ఏడు తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే గున్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. పక్కన రెండు చీరలు మూట కట్టుకుని పెట్టుకుంది.

“ఎక్కడికమ్మా?” అన్నాడు గురునాథరావు.

“ఆసాడం గదా బాబూ. మా అన్నియ్య వచ్చి తీసికెల్తాడు. అందరి ఆడపిల్లల్నీ తీసికెల్లిపోనారు. నన్నే ఎవులూ పిలవలేదు.” మూట ఒళ్ళోకి తీసుకుని, “నానేటి తప్పు సేసేను?” అంది.

ఆవిడ అన్న పోయి ఎన్నో ఏళ్ళైంది. గురునాథరావు ఆ మూట కేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు నేను చూడటం అదే మొదలు. లోపలికెళ్ళి తెల్లచొక్కా వేసుకొచ్చాడు. దుర్గాదేవి అత్తగారిని వదిలి రాలేదు, పిల్లని పిలవడానికి ఒక ఆడమనిషి ఉండాలి కదా అని నన్ను రమ్మన్నాడు. దారిలో పవర్ హౌస్‌లో ఆటో ఆపించి పసుపు, కుంకుమ, పళ్ళు, మిఠాయి కొన్నాడు. రవికగుడ్డ దగ్గర మాత్రం చాలాసేపు తటపటాయించి, బీరాకు రంగుది తీసుకున్నాడు.

తలుపు శ్యామసుందర్ గారే తీశారు. బాగా చిక్కిపోయారు.

“పిల్లని తీసికెల్దావని వచ్చినాను బావగారూ” అన్నాడు గురునాథరావు గుమ్మంలోనే.

ఆయన గుమ్మం దిగి, చుట్టూ తిరిగి వినపడే చెవి వైపుకి వచ్చి నిలబడ్డారు. “చాలా ఆలస్యం చేశారండీ” అన్నారు.

“సేసేనండి.”

మణిమాల పూజగదిలోంచి స్టీలు డబ్బా తెచ్చింది. బూడిదలో కలిపి దాచిన విత్తనాలు, పైన పసుపుకొమ్ము. ప్రతి ఆషాఢానికీ బూడిద మార్చి కొత్త పసుపు పెట్టానంది.

“మరి మీరు వెయ్యలేదా?” అని నేనే అడిగాను.

“పుట్టింటికి వెళ్ళొస్తేనే కదండీ మళ్ళీ మా పంట. అక్కడికి వెళ్ళకుండా ఎలా వేస్తాం?” అన్నారు శ్యామసుందర్ గారు. ఆ మాటకి గురునాథరావు తల దించుకున్నాడు. టీ తాగాం. పార్టీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఊరుకోవడమేదో ఆ ఎన్నికలప్పుడు ఒక్క పూట ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది.

పాత విత్తనం కదా, చాలావరకు మట్టిలోనే కుళ్ళిపోయింది. రెండు మొక్కలు లేచాయి. గురునాథరావు వాటి పక్కనే కూర్చునేవాడు, పురుగు వాలనిచ్చేవాడు కాదు. వినాయకచవితి దాటాక మొదటి కాయలు కోశాడు. దుర్గాదేవి పాలు పోసి వండింది. నన్నూ పిలిచారు. గున్నమ్మ ముందు కంచం పెట్టి, కొడుకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

ఆవిడ ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. చాన్నాళ్ళకి ఇష్టంగా తింటోంది. మాకు ప్రాణం లేచొచ్చింది.

“బాగుంది” అంది. “ఏటి కూరమ్మా ఇది?”

“బీరకాయ అత్తమ్మా. మనది. మీరు తెచ్చిందే” అంది దుర్గాదేవి.

“నానెక్కడ తెచ్చేను?” అని గున్నమ్మ నవ్వి, కంచం తుడుచుకుంటూ మమ్మల్ని జాలిగా చూసింది. “మీ ఊరి కాయ బాగానే ఉంది గాని, మా అమ్మ పొట్టిబీర వేస్తాది. అది తినాలమ్మా మీరు. దాని ముందు ఇదేపాటి.”

అప్పుడే ఫోన్ మోగింది. చెవి కోసం గురునాథరావు ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. శ్యామసుందర్ గారి గొంతు గదంతా వినపడింది.

“బావగారూ, అమ్మగారు తిన్నారా?”

“తిందండి.”

“పోల్చుకున్నారా?”

గురునాథరావు తల్లి మొహంలోకి చూశాడు. “పోల్చుకుందండి బావగారూ. ముద్ద నోట్లో పెట్టగానే, మనదేరా అంది.”

అవతల ‘హమ్మయ్య’ అన్న మాట వినపడింది. గురునాథరావు ఫోన్ పక్కన పెట్టి, తల్లికి దగ్గరగా జరిగి, వినపడే చెవి ఆవిడ వైపు తిప్పాడు.

“మీ ఊరి బీర ఎలాగుంటాదమ్మా? సెప్పు” అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.