చీర చుట్టిన ఎముక

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మోంటానాలో ఒక పశువుల రాంచ్‌లోని మట్టిగుట్ట మీద ఒక మధ్యాహ్నం ఉన్నవి ఇవి: మా అమ్మ, నేను, రాంచ్ యజమానురాలైన ఒక పెద్దావిడ, రెండు బకెట్ల నీళ్లు, ఒక బస్తా ప్లాస్టర్, మూడు టాయిలెట్ పేపర్ చుట్టలు, కాస్త గోనెపట్ట, మట్టిలోంచి బయటపడ్డ డైనోసార్ తొడ ఎముక. పడమట మబ్బు.

అమెరికాలోనే మేముండే అల్ఫారెట్టా నుంచి సెలవులకు అక్కడికి వెళ్లాం. ఫీజు కడితే ఆవిడ తన నేలలో ఎముకల కోసం తవ్వనిచ్చేది. సొంత నేల కాబట్టి దొరికిన పెద్ద ఎముకలు ఆవిడవే, అమ్ముకునేది. ఆ ఏడు గడ్డి ఎండిపోయిందనీ, ఆవుల మేతకు ఈ ఎముకే ఆధారమనీ అమ్మతో అంటుంటే విన్నాను.

ఎముకను కదిలించే ముందు తడిపేపర్ అద్ది, పైన ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీలు చుట్టాలి, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు. సగం చుట్టేసరికి గోనెపట్ట అయిపోయింది. ఆవిడ ఇంటికెళ్లి తేవాలంటే గంటన్నర. వాన అంతసేపు ఆగదు. తడిస్తే ఆ ఎముక పొడిపొడిగా రాలిపోతుంది. మా టీషర్టులు సాగే గుడ్డ, పనికిరావు.

అమ్మ కారు వైపు చూసింది. వెనక సీట్లో అమ్మమ్మ నేత చీర ఉంది. అంతకుముందు చలికాలంలో అమ్మమ్మ పోయింది. ఆ చీర పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

"కన్నా, అది ఇస్తావా?"

"నో. అమ్మమ్మ స్మెల్ పోతుంది. వాష్ కూడా చేయొద్దు అని చెప్పాను కదా."

"అమ్మమ్మే ఉంటే ఈపాటికి చింపేసేది. నీ డైపర్లన్నీ ఆవిడ చీరలే, తెలుసా?"

"యక్! అమ్మా!"

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పెద్దావిడ ఏమైందని అడిగితే అమ్మ ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ బకెట్ పక్కన పెట్టి నా ఎదురుగా మట్టిలో కూర్చుంది. "ఎముక నాది, నష్టమూ నాది. గుడ్డ నీది. ఉంచుకో," అంది. అప్పటిదాకా పెద్దవాళ్లెవరూ ఏ నిర్ణయమూ నాకు వదిలిపెట్టలేదు. ఆవిడ బతిమాలి ఉంటే ఇచ్చేవాణ్ణి కాదేమో. కారు దగ్గరికి నేనే వెళ్లి తెచ్చాను.

చీర చిరుగుతున్న చప్పుడు వినలేక చెవులు మూసుకున్నాను. అది చూసి ఆవిడ తన నోట్‌బుక్, పెన్సిల్ నా చేతిలో పెట్టింది. "ఒక్కో పట్టీకి ఒక్కో గీత గియ్యి. గుడ్డ ఎవరిదో పైన రాయి. కొన్నవాళ్లకి ఈ పేజీ నకలు కూడా వెళ్తుంది." చీర ఎవరిదో చెప్పే మాట నాకు రాయడం వచ్చిన కొద్దిపాటి తెలుగు మాటల్లో ఒకటి, రాశాను. గీతలు గీస్తున్నంతసేపూ ఏడవలేదు. ప్లాస్టర్ గట్టిపడ్డ కాసేపటికి వాన వచ్చింది. ఎముక నిలిచింది.

ఎముక అమ్ముడుపోయిందని కొన్నాళ్లకు ఆవిడ ఉత్తరం రాసింది. ఎవరు కొన్నారో రాయలేదు. ఎముకను శుభ్రం చేసేవాళ్లు ఆ కట్టును రంపంతో కోసి పారేస్తారని ఇప్పుడు నాకు తెలుసు. కొన్ని కట్లు ఏళ్ల తరబడి విప్పకుండా గోదాముల్లో పడి ఉంటాయనీ తెలుసు. నేను ఈ రెండోదాన్నే తలుచుకుంటాను. చీర వాసన గుర్తు తెచ్చుకోబోతే తడి ప్లాస్టర్ వాసనే వస్తుంది.

చేతిలోంచి ఏదైనా వెళ్లిపోతున్నప్పుడు, అది ఎవరిదో, ఎంతో రాసిపెట్టుకోవడం ఆ రోజు నుంచి నాకు అలవాటు. ఉత్తరంతో పాటు ఆవిడ ఆ పేజీ నకలు నాకూ పంపింది. అందులో ఉన్నది ఇంతే: అమ్మమ్మ. పట్టీలు ఇరవై మూడు.