ఖర్నా సాయంత్రం చాచీ విన్న పిలుపు

సూరత్ పాండేసరలో మేముండే బిల్డింగులో, మా గదికి ఎదురుగదిలో బిహార్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. బిల్డింగు మొత్తం ఆమెను చాచీ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె కొడుకు బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. మా ఆయన పని మరమగ్గాల మీద. సిరిసిల్ల నుంచి మేము సూరత్ వచ్చి అప్పటికి ఐదేళ్ళయింది. చాచీకి తెలుగు రాదు, నాకు ఆమె భోజ్‌పురి రాదు. ఇద్దరం వచ్చీరాని హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

చాచీ ప్రతి ఏడూ దీపావళి అయిన ఆరో రోజుకు ఛఠ్ వ్రతం పట్టేది. మాకు రథసప్తమి తెలుసు. తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయడం, పిడకల మీద పాలు పొంగించడం, చిక్కుడుకాయలతో రథం చేసి ఉదయించే సూర్యుడికి దండం పెట్టడం చిన్నప్పటి నుంచీ చేసిందే. చాచీ పండగ వేరు. నాలుగు రోజులు. మొదటి రోజు స్నానం చేసి ఒంటిపూట భోజనం. రెండో రోజు పగలంతా ఉపవాసం ఉండి, పొద్దుగూకాక బెల్లం పరమాన్నం, రొట్టె తింటారు. దాన్నే ఖర్నా అంటారు. అది తిన్న తర్వాత నాలుగో రోజు పొద్దు పొడిచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. మధ్యలో రెండుసార్లు నదిలో నిలబడి అర్ఘ్యం ఇస్తారు. మొదటిది అస్తమించే సూర్యుడికి, రెండోది ఉదయించే సూర్యుడికి.

ఆ ఏడు చాచీ కోడలు కాన్పుకు పుట్టింటికి పోయింది. సాయానికి మనిషి లేక చాచీ నన్ను పిలిచింది. ప్రసాదానికి కడిగిన గోధుమలు డాబా మీద ఆరబోసి, పిచ్చుకలు ముట్టకుండా ఇద్దరం కాపలా కూర్చున్నాం.

"మునిగిపోయే పొద్దుకు ముందు మొక్కడమేంటి చాచీ?" అని అడిగాను.

"పోయేవాడిని మళ్ళీ రమ్మని అడగాలి కదా బేటీ," అంది.

తర్వాత ఆ వ్రతం పుట్టుక చెప్పింది. సూర్యుడి చెల్లెలే ఛఠీ మయ్య అట. ఒకప్పుడు పిల్లల్లేని రాజు ఒకడు యజ్ఞం చేయిస్తే రాణికి కొడుకు పుట్టాడు కానీ ప్రాణం లేకుండా పుట్టాడు. రాజు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని శ్మశానంలో కూర్చున్నాడు. ఎవరెంత చెప్పినా వదల్లేదు. అప్పుడు ఆకాశం నుంచి ఒక దేవత దిగింది. నేను ప్రకృతిలో ఆరో భాగాన్ని, అందుకే నన్ను షష్ఠి అంటారు అని చెప్పి, బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. బిడ్డ ఏడ్చాడు. పుట్టిన ఆరో రోజున పిల్లల నుదుట రాత రాయించేది కూడా ఆ ఛఠీ మయ్యేనట.

నేను గోధుమల్లో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. ఎత్తితే చాచీ నా మొహం చూస్తుందని భయం. సూరత్‌కు రాకముందు ఏడు నాకొక పాప పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది. అద్దాల పెట్టెలో ఐదు రోజులుండి, ఆరో రోజు తెల్లవారకముందే పోయింది. ఆపరేషన్ అయి మంచం మీద నుంచి నేను లేవలేకపోయాను. ఒక్కసారి చూపించారు, తువ్వాల్లో చుట్టి, తలుపు దగ్గర నుంచి. ఎత్తుకోలేదు. పేరు పెట్టలేదు. మా ఆయన, మా మామ తీసుకుపోయి పాతిపెట్టి వచ్చారు. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సూరత్‌లో నేనెవరికీ చెప్పలేదు, చాచీకి కూడా.

ఖర్నా రోజు వచ్చింది. ఇక్కడ దీపావళికి మూతబడిన కార్ఖానాలను ఐదో రోజు, లాభపంచమికి తెరుస్తారు. ఖర్నా కూడా ఆ రోజే. తెరవడమంటే పూజ చేసి, ఒకసారి మిషన్ తిప్పి ఆపడమే. పనివాళ్ళలో సగం మంది ఊళ్ళ నుంచి రాలేదు. పాండేసరలో రోజూ మిషన్ల మోతకు గోడలు కూడా అదురుతుంటాయి. అలాంటిది ఆ సాయంత్రం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నీళ్ళ ట్యాంకు మీద కాకి నడిస్తే గోళ్ళ చప్పుడు వినిపించింది. మిల్లుల పొగగొట్టాలు చల్లగా నిలబడి ఉన్నాయి. ఐదేళ్ళలో ఆ చోటు నాకు అంత కొత్తగా ఎప్పుడూ అనిపించలేదు.

చాచీ మట్టిపొయ్యి మీద మామిడి పుల్లలతో పరమాన్నం వండింది. అరటాకులో పెట్టుకుని, గదిలోకి వెళ్ళే ముందు నన్ను గడప బయట కూర్చోబెట్టింది.

"నేను తింటున్నప్పుడు ఎవరి గొంతూ నా చెవిన పడకూడదు. ఎవరైనా పిలిచినట్టు వినబడితే ముద్ద అక్కడే వదిలేసి లేవాలి. ఎంత తింటే అంతే. ఇక రేపూ ఎల్లుండీ దాని మీదే ఉండాలి. నువ్వు చూసుకో," అంది.

నేను వరండాలో ఉన్నవాళ్ళందరికీ చెప్పాను. మా అంతస్తులో మూడు గదులకు తాళాలే. మిగిలినవాళ్ళు టీవీలు ఆపేశారు. చాచీ కొడుకు మెట్ల దగ్గర నిలబడి, పైకి వచ్చేవాళ్ళను చేత్తో ఆపుతున్నాడు. నేను నా ఫోను ఆపేసి, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. లోపల గాజుల చప్పుడు, ఆకు కదిలిన చప్పుడు వినబడ్డాయి. ఇంకేమీ లేదు.

రెండు నిమిషాలైనా అయిందో లేదో, తలుపు తెరుచుకుంది. నేను వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాను. చాచీ చేతికి పరమాన్నం అంటుకునే ఉంది.

"ఎవరు పిలిచారు?" అంది.

"ఎవరూ పిలవలేదు చాచీ. నేను ఇక్కడే ఉన్నాను కదా."

"పిలిచారు. చిన్నపిల్ల గొంతు. 'అమ్మా' అని."

మెట్ల దగ్గర నుంచి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "లేదు మాయీ, ఈ వరండాలో పిల్లలే లేరు," అన్నాడు.

చాచీ అతని వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. "మా పిల్లలైతే మాయీ అంటారు. ఇక్కడి పిల్లలు బా అంటారు, మమ్మీ అంటారు. అమ్మా అని సాగదీసి పిలవడం మీ ఇళ్ళలోనే విన్నాను. నువ్వు మీ అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు అంటావు చూడు, అట్లా. తలుపుకు ఇవతలి నుంచే వచ్చింది. నువ్వు కూర్చున్న చోటు నుంచే."

నాకేమీ వినబడలేదు. తలుపుకు ఆనుకుని కూర్చున్నదాన్ని నేను. వినబడింది మాత్రం తలుపు అవతల ఉన్న మనిషికి.

చాచీ తిన్నది రెండు ముద్దలు. కొడుకు బతిమాలాడు. ఆమెకు షుగరు ఉంది. చాచీ ఒప్పుకోలేదు. చేతులు కడుక్కుని, మిగిలిన పరమాన్నం అందరికీ పంచమని నాకిచ్చింది. నా వంతు నేను తినకుండా ఆకులోనే మడిచి పెట్టాను.

మర్నాడు పొద్దున్నే నేను బిల్డింగు మొత్తం తిరిగాను. మా అంతస్తు, పై అంతస్తు, కింది అంతస్తు. వెనక సందులోకి పోయాను. అక్కడ కార్ఖానా గోడ తప్ప ఇల్లే లేదు. మా బిల్డింగులో మేము కాకుండా తెలుగువాళ్ళు ఒక్క కుటుంబమే. వాళ్ళు దీపావళికి కరీంనగర్ పోయి ఇంకా రాలేదు, గదికి తాళం ఉంది. కిందింటి ఆవిడను, "నిన్న సాయంత్రం మీ ఇంటికి చుట్టాల పిల్లలు వచ్చారా?" అని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది.

ఆ సాయంత్రం తాపీ నది ఒడ్డుకు వెళ్ళాం. కొడుకు పండ్లు, చెరుకుగడలు, గోధుమపిండిలో బెల్లం కలిపి వేయించిన ఠేకువాలున్న గంపను తల మీద పెట్టుకుని నడిచాడు. చాచీ ముక్కు కొస నుంచి పాపిట దాకా నారింజ రంగు సింధూరం దిద్దుకుంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగాను. నడుం లోతు నీళ్ళు. మా చుట్టూ ఎక్కడ చూసినా ఆడవాళ్ళే, చేతుల్లో చేటలు పట్టుకుని, అందరూ ఒకే వైపు తిరిగి ఉన్నారు. వాళ్ళ పాట ఆగినప్పుడల్లా అంతమంది మధ్య నీళ్ళ చప్పుడొక్కటే మిగిలేది. పొద్దు ఎర్రగా, గుండ్రంగా, కళ్ళతో చూడగలిగేట్టు ఉంది.

"ఈ నది ఎవరో తెలుసా?" అంది చాచీ. ఆమె గొంతు బలహీనంగా ఉంది. "తపతి. సూర్యుడి కూతురు. కూతురి ఒళ్ళో నిలబడి తండ్రికి మొక్కుతున్నాం మనం."

తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"నీకు ఆడపిల్ల ఉండేదా?"

అప్పుడు చెప్పాను. అద్దాల పెట్టె, ఐదు రోజులు, తువ్వాలు, అన్నీ. పొద్దు మునిగేదాకా చెప్పాను. చాచీ ఓదార్చలేదు. చేట పైకెత్తి పట్టుకుని వింది. నేను చెప్పడం అయ్యాక, "ఇప్పుడుంటే ఎన్నేళ్ళుండేవి?" అంది.

"ఆరో ఏడు."

"అంతే ఉంది ఆ గొంతు."

మర్నాడు తెల్లవారకముందే మళ్ళీ నదికి పోయాం. మంచు, పొగ కలిసి అవతలి ఒడ్డు కనబడటం లేదు. చాచీ ఈసారి నిలబడలేకపోయింది. మోకాళ్ళు వంగి గడ్డం దాకా నీళ్ళలోకి పోతుంటే నేను వెనక నుంచి నడుం పట్టుకుని లేపాను. ఆమె ఒళ్ళు మంచుగడ్డలా ఉంది. కొడుకు ఒడ్డు నుంచి దిగబోతే వద్దని తల ఊపింది. ఆకాశం తెల్లబడింది కానీ సూర్యుడు కనబడలేదు. వేలమంది ఆడవాళ్ళు మాటలేకుండా ఆ తెల్లటి గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ కాసేపూ, ఇవాళ రాడేమో అని నిజంగానే భయం వేసింది నాకు.

చాచీ గంపలోంచి ఒక చిన్న చేట తీయించి నా చేతుల్లో పెట్టింది. అందులో ఒక అరటిపండు, ఒక ఠేకువా, కుంకుమ పెట్టిన చిన్న కొబ్బరికాయ. ఆమె ఎప్పుడు సర్దిందో నేను చూడలేదు.

"ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పి ఇవ్వాలి. దాని పేరేంటి?"

"పేరు లేదు చాచీ. పెట్టలేదు."

"అయితే పెట్టు. పేరు లేనిది ఎవరని చెప్పుకుంటుంది? పిలవడానికి వచ్చింది, నువ్వు వినకపోతే నాకు వినిపించింది."

పొగలోంచి సూర్యుడి అంచు కనబడింది. ఒక్కసారిగా జనమంతా గోల పెట్టారు. చాచీ కొడుకు నీళ్ళలోకి వచ్చి నా చేట ముందు పాలు పోశాడు. నేను ఆ గోలలో పేరు పెట్టాను. పైకే అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆ పేరు ఇక్కడ రాయను.

తడి చీరతో ఇంటికి వచ్చేసరికి మా ఆయన రాత్రి డ్యూటీ నుంచి వచ్చి చాయ్ పెట్టుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పి, పేరు కూడా చెప్పాను. ఆయన స్టవ్ ఆపి కింద కూర్చున్నాడు.

"నువ్వు చాచీకి చెప్పినవా మన పాప ముచ్చట?" అని అడిగాను.

"చాచీకి చెప్పలే," అన్నాడు. "ఆమె కొడుక్కి చెప్పిన. పోయినేడు చాయ్ తాగుకుంట కూసున్నం. ఆయన పెళ్ళానికి కడుపు పోయిందని ఏడ్సిండు. గప్పుడు నోట్ల నుంచి వచ్చింది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకేం చెప్పాలె? నువ్వు ఏనాడన్న అడిగినవా?"

మర్నాడు చాచీ కొడుకును వరండాలో ఆపి అడిగాను. "అమ్మకు నేను చెప్పలేదు దీదీ. ఒట్టు," అన్నాడు. అతని మొహం చూసి నిజమో అబద్ధమో తెలుసుకోలేకపోయాను.

అప్పటి నుంచీ ఎన్నోసార్లు ఆలోచించాను. చాచీకి ముందే తెలిసి, నా నోరు తెరిపించడానికి ఆ పిలుపు కల్పించిందా? అలాగైతే షుగరున్న మనిషి తన ముద్ద తాను వదులుకుని, ప్రాణం మీదికి తెచ్చుకుని ముప్పై ఆరు గంటలు నీళ్ళు లేకుండా ఉందన్నమాట, ఎదురింటి మనిషి కోసం. ఛఠీ మయ్య పేరు మీద చాచీ అబద్ధమాడుతుందని నేను నమ్మలేను. కల్పించలేదు అనుకుంటే మాత్రం ఆ సాయంత్రం నా వీపు వెనక, నాకూ తలుపుకూ మధ్య ఎవరో ఉన్నారు. ఏ వైపు ఆలోచించినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చాచీని అడగలేదు. ఆమెకు మనవరాలు పుట్టాక ఊరికి పోయి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఫోన్లో మాట్లాడినప్పుడు మా ఆయన్నీ నన్నూ అడిగాక, పాపను కూడా పేరు పెట్టి అడుగుతుంది, బడికి పోయిన పిల్లను అడిగినట్టు.

ఆ ఛఠ్ తర్వాతి ఎండాకాలం సిరిసిల్ల పోయినప్పుడు, ఎక్కడ పాతిపెట్టావో చూపించమని మా ఆయన్ని అడిగాను. మానేరు వాగు ఒడ్డుకు ఆటోలో తీసుకుపోయాడు. ఇసుక తవ్వి ఒడ్డంతా గుంటలు చేశారు. "ఈడ ఒక తుమ్మచెట్టు ఉండె," అంటూ ఆయన అటూ ఇటూ చాలాసేపు తిరిగాడు. వంగి చూశాడు, అడుగులు లెక్కపెట్టాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. చివరికి ఒకచోట ఆగి, "గిదే," అన్నాడు.

ఆయనకు ఖాయంగా తెలియదని నాకు అర్థమైంది. ఆ ఇసుక మీద కూర్చుని అరచెయ్యి ఆనించాను. చెయ్యి కాలింది. ఆయన నాకు ఎండ తగలకుండా అడ్డం నిలబడ్డాడు. పాప మొహం ఎట్లుండేదని అడిగితే, ఆ ఐదు రోజులూ అద్దంలోంచి చూసింది ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టినా మేము లేవలేదు.