చోళ్ల డబ్బాలో ఇటుకలు

శుక్రవారం, అరకు సంత రోజు, పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలకి మా చెల్లిని నేను దొంగ అన్నాను. అందరి ముందూ అన్నాను. గంట తప్పు చెప్పడం లేదు. గోడ గడియారం పక్క నుంచే వాకిట్లోకి వచ్చాను, అంకెలు నాకు ఎప్పటి నుంచో వచ్చు. అక్షరాలే రావు అప్పటికి.

ఇది రాస్తున్నది నేనే. నా రాత వంకర. ఒత్తులు ఒక్కోచోట పడిపోతే అంగన్‌వాడీ టీచరమ్మ దిద్దింది. మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

నేనూ మా చెల్లీ ఇద్దరమూ మొగుళ్లు పోయినవాళ్లం. అరకు నుంచి అనంతగిరి పోయే రోడ్డు పక్కన రెండు గదుల ఇంట్లో కలిసి ఉండేవాళ్లం. నాకంటే నాలుగేళ్లు చిన్నది. దాన్ని ఆశ్రమ పాఠశాలలో వేశారు, ఐదు దాకా చదివింది. నన్ను పశువుల వెనక పంపారు. అందుకు దాని మీద నాకు ఏమీ లేదని చాలా ఏళ్లు అనుకున్నాను. అబద్ధం. ఉండేది.

మా ఇద్దరికీ ఒక కొట్టు ఉండేది. ఫోన్‌లో కొట్టు. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్లూ బళ్లూ కట్టుకుంటారు చూడండి, ఆ ప్లాస్టిక్ ఇటుకలు అమ్మేవాళ్లం. చెల్లి మనవరాలు విశాఖలో చదువుతోంది. అక్కడ పిల్లల ఆటల బడి ఒకటి మూసేస్తూ ఆరు గోనెల ఇటుకలు వదిలించుకుంటుంటే, ఆ గుంట వాటిని జీపు మీద వేయించి మా ఇంటి ముందు దించింది. మీరిద్దరూ రంగు రంగూ ఏరి పెట్టండి, ఫోన్‌లో కొట్టు నేను పెడతానంది. ఇదెవరు కొంటారే అన్నాను. ఒక్క ముక్క పోతే బొమ్మ పూర్తి కాదట, పిల్లలు అన్నం మానేసి ఏడుస్తారట, తల్లులు ఆ ముక్క కోసం ఊళ్లన్నీ వెతుకుతారట. నిజమే, కొన్నారు.

ఊళ్లో వాళ్లకి మేమొక వేడుక అయిపోయాం. ముసలమ్మలు ఇటుకల బట్టీ పెట్టారన్నారు. పక్కింటి వదిన రోజూ గుమ్మంలో నిలబడి, బట్టీ ఆరిందా ఇంకా కాలుతోందా అని అడిగేది.

పని మాత్రం మాకు కొత్త కాదు. కుంకుడు రసంలో కడగడం, కాఫీ గింజలు ఆరబోసే పట్టా మీదే ఎండబెట్టడం, చేటలో పోసుకుని ఏరడం, రంగు రంగూ వేరే సీసాల్లో నింపడం. కాఫీ పళ్లలో పండింది ఏదో, దోర ఏదో ఏరుతూ ముసలిదాన్నయ్యాను. ఇటుకలేరడం నాకొక లెక్క కాదు. ఏరేది నేను. ఫోన్‌లో వచ్చింది చదివేది, జవాబు రాసేది, పొట్లం మీద పేరూ ఊరూ రాసేది చెల్లి.

గోనెల అడుగున బొమ్మలు ఎలా కట్టాలో చూపించే పుస్తకాలు దొరికాయి. వాటిలో ఒక్క అక్షరం లేదు. అన్నీ బొమ్మలే, ఇది ఇక్కడ పెట్టు, ఆపైన ఇది పెట్టు అని. ఒక మధ్యాహ్నం ఆ పుస్తకం పెట్టుకుని ఇద్దరం ఒక పడవ కట్టాం. నేనే ముందు పేజీ తిప్పాను. చెల్లి వెనకబడింది. "ఆగప్పా, నాకింకా అవ్వలేదు" అంది. నన్నది అప్పా అని పిలుస్తుంది. ఆగమని నాతో అది అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ రోజంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.

తప్పు పచ్చ దగ్గర మొదలైంది.

ఒక తల్లి పచ్చవి ముప్పై కావాలని రాసింది. చెల్లి అలాగే చదివింది. మాకు పచ్చంటే పసుపే, పెళ్లికూతురికి రాసేది. ఆకు రంగైతే ఆకుపచ్చ అంటాం. నేను పసుపువి ముప్పై ఏరిచ్చాను. ఆవిడకి కావలసింది చెట్లు కట్టడానికట. పసుపు చెట్లు ఎక్కడైనా ఉంటాయా అని తిరిగి రాసింది. చెల్లి చదివి పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వాక అన్నాను, నువ్వు సరిగ్గా చదివుంటే ఇలా జరిగేది కాదు కదా అని. సరదాకే అన్నాను మొదటిసారి.

తర్వాత మళ్లీ తప్పులొచ్చాయి. నల్లవి అడిగితే నీలం వెళ్లాయట, తెల్లవి అడిగితే పసుపు వెళ్లాయట. ప్రతిసారీ నేను అదే మాట. సరిగ్గా చదవలేదు నువ్వు. ఐదో తరగతి చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఒకసారి వదిన ముందే అన్నాను, మా చెల్లికి అక్షరాలు తెలుసు గానీ అక్షరాలకే మా చెల్లి తెలీదని. వదిన నవ్వింది. చెల్లి పొట్లం కట్టుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత తప్పుల మాట రావడం మానేసింది. ఫోన్ చూసి, అందరూ బాగుందని రాశారప్పా, నీ చేతులు మంచివట, అని చదివి వినిపించేది. నేను నమ్మాను. పొగిడితే ఎవరు నమ్మరు? కానీ ఒక్కోసారి ఫోన్ చూసి ముఖం మాడ్చుకుని లోపలికి పోయేది. ఏటే అంటే ఏటీ లేదనేది. నా సీసాల్లో ఇటుకలు తగ్గుతున్నట్టు అనిపించింది. మనసులో పురుగు దూరింది.

ఆ శుక్రవారం సంతలో చోళ్లు, మీ మాటలో రాగులు, మర పట్టించుకుందామని డబ్బా మూత తీశాను. అంబలికి కావాలి. చెయ్యి పెడితే గింజల కింద గుడ్డ సంచి తగిలింది. లాగాను. అందులో చిన్న చిన్న కాగితం పొట్లాలు, ప్రతి పొట్లంలో నాలుగో ఐదో ఇటుకలు. ప్రతి పొట్లం మీదా ఏవో అక్షరాలు. చెల్లి రాతే.

బయటికి పట్టుకొచ్చాను. వాకిట్లో జనం ఉన్నారు. పార్సిళ్లు అరకు తీసుకెళ్లే ఆటో ఆయన వచ్చి నిలబడ్డాడు. వదిన గుమ్మంలో ఉంది. ఎదురింటి ముసలాయన చుట్టకి నిప్పు కోసం వచ్చాడు. సంతకి చింతపండు మోసుకుపోతున్న ఒకామె మంచినీళ్లు తాగుతోంది.

"ఏటే ఇది?" అన్నాను.

చెల్లి తడి చేతులతో వచ్చింది. సంచి చూసి ఆగిపోయింది. "అవి ఈయాల పంపాలప్పా" అంది.

"ఎవుళికి?"

నా చేతిలోంచి సంచి తీసుకుని, పొట్లాలు ఒక్కొక్కటీ ఆటో ఆయనకి ఇచ్చింది. అందరి ముందు, నేను చూస్తుండగానే. దానితో నాకు పిచ్చెక్కింది. నేను ఏరింది నాకు తెలియకుండా తన వాళ్లకెవరికో పంపుకుంటోందనుకున్నాను.

"నువ్వు దొంగవి" అన్నాను. "తోడబుట్టిన దొంగవి."

"నాను తియ్యలేదప్పా."

అంతే అంది. రెండుసార్లు అంది. మధ్యాహ్నం పాడేరు జీపెక్కి చింతపల్లి వెళ్లిపోయింది, తన కూతురి దగ్గరికి. కొట్టు ఫోన్ మంచం మీద పెట్టి వెళ్లింది. నేను ఆపలేదు. వెళ్తే వెళ్లనీ, ఒక్కదాన్నే నడుపుకుంటాననుకున్నాను.

ఎలా నడుపుతాను? ఫోన్ మోగేది, అక్షరాలు వచ్చి పడేవి, నేను చూస్తూ కూర్చునేదాన్ని. మనవరాలికి ఫోన్ చేస్తే, అమ్మమ్మ లేకుండా నేను చెయ్యను, నువ్వే చూసుకో అంది. ముక్తసరిగా అని పెట్టేసింది. వదినని చదవమని అడగొచ్చు. అడిగితే చెల్లి లేకుండా నాకు గడవదని ఒప్పుకున్నట్టే. అందుకని అంగన్‌వాడీకి వెళ్లాను. చదువు మీద ప్రేమతో కాదు, పంతంతో వెళ్లాను. అరవై తొమ్మిదేళ్లదాన్ని, మూడేళ్ల, ఐదేళ్ల పిల్లల మధ్య కూర్చుని అ ఆలు దిద్దాను. ఒక గుంట నా పలక తీసుకుని, నీ ళ బాగోలేదు మామ్మా, నేను రాసిత్తాను అంది. రాయించుకున్నాను.

వానలు పోయి చలి వచ్చేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. అప్పుడు కొట్టు ఫోన్ తీశాను. కొత్తగా ఎవరూ ఏమీ అడగడం లేదు, కొట్టు చచ్చిపోయింది. పాతవి ఉన్నాయి. చెల్లి ఏం దాచిందో చూద్దామని పాతవే చదివాను. ఒక్కో మాటకీ ఒక్కో నిమిషం పట్టింది.

ఒకామె రాసింది, నల్లవి అడిగితే నీలం పంపారని. కింద చెల్లి రాసింది, తప్పు నాదండీ, శుక్రవారం సరైనవి పంపుతాను అని. ఇంకొకామె. తప్పు నాదండీ. మరొకాయన. తప్పు నాదండీ. నాకు అంత బాగా వచ్చిన మాట ఇంకొకటి లేదు, అన్నిసార్లు చదివాను దాన్ని. ఒకాయన కోపంగా రాశాడు, ఏరేది ఎవరండీ, గుడ్డివాళ్లా అని. చెల్లి జవాబు: ఏరేది నేనేనండీ. నా కళ్లు మంచివి కావు.

చెల్లి కళ్లకేం? సూదిలో దారం నాకు ఎక్కించేది అదే.

సీసాలు పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. ఇవి ఏ రంగని అడిగాను. నల్లవి అన్నాను నేను. ఆవిడ నా వైపు చూసి, సగం నీలం ఉన్నాయి మామ్మా అంది, మెల్లగా. తెల్లవాటిలో పసుపు ఉన్నాయంది. నా కళ్లలో పొర కనిపిస్తోందంది. ఎప్పటి నుంచో ఉండుంటుంది. ఆ పొట్లాలు నేను తప్పు పంపిన వాళ్లందరికీ సరైనవి. పైన ఉన్న అక్షరాలు వాళ్ల పేర్లూ ఊళ్లూ. ఆ శుక్రవారం చెల్లి నోరు విప్పి ఉంటే, అప్పకి కళ్లు కనపడవని ఊరందరి ముందూ చెప్పాల్సి వచ్చేది. దొంగ అనిపించుకుని ఊరుకుంది.

మర్నాడే జీపెక్కాను. చింతపల్లిలో మంచు కొడుతోంది. చెల్లి పొయ్యి దగ్గర కూర్చుని మిరియాలు గుత్తుల నుంచి రాలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. కూతురు నాకు టీ ఇచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది.

నాకు అక్షరాలొచ్చాయని చెప్పాను.

"ఒచ్చీసినాయా," అంది. "ళ రాయడం వొచ్చిందా? అదే కట్టం."

"వచ్చింది."

"ఫోన్లోవి సదివినావా?"

"సదివినాను."

ఇంకో మిరియాల గుత్తి చేతిలోకి తీసుకుంది. తల ఎత్తకుండానే అంది.

"అయితే ఫోను సెప్తే నమ్మినావు. నాను తియ్యలేదప్పా అంటే నమ్మలేదు."

అక్షరాలు వచ్చాకే నాకు నా చెల్లి మీద నమ్మకం వచ్చింది. అవి రాకపోయి ఉంటే ఇప్పటికీ దొంగే అనుకుంటూ ఉండేదాన్ని. అది నాకంటే దానికే బాగా తెలుసు.

ఇంటికి రమ్మన్నాను. రానంది. కోపంగా అనలేదు. అన్నం పెట్టింది, దారిలో చలని తన శాలువా కప్పింది. "అందరి ముందూ అన్నావప్పా. ఆలందరికీ నీ నోటితో సెప్పు. అప్పుడొత్తానో రానో అప్పుడు సూత్తాను" అంది.

తిరిగొచ్చి ఆటో ఆయన దగ్గరికి వెళ్లాను. నా చెల్లి దొంగ కాదు బాబూ అన్నాను. తెలుసు మామ్మా అన్నాడు. ఆ పొట్లాల మీద ఊళ్లు నేను చదివే కదా పోస్టులో ఇచ్చేవాణ్ణి, కళ్లు కనపడక నువ్వు తప్పేరిన వాటికి బదులని సిన్నమామ్మ ముందే సెప్పింది, నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది అన్నాడు. వదినకి చెప్పాను. బట్టీ మాట అడగలేదు, ఏడ్చింది. ముసలాయన వానల్లోనే పోయాడు, ఆయన చెవిలో మా చెల్లి దొంగగానే ఉండిపోయింది. చింతపండు ఆమె కోసం ఎనిమిది సంతలు తిరిగాను. పేరు తెలీదు, ఊరు తెలీదు, ముఖం గుర్తుంచుకునే కళ్లు అప్పుడు నాకు లేవు. ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాను ఇప్పుడు. ఎవరిని చూసినా ఈమేనేమో అని అడుగుతున్నాను.

చెల్లి ఇంకా రాలేదు. అందరికీ చెప్పానని అబద్ధం చెప్పి పిలవను. నోటితో చెప్పలేకపోయిన వాళ్ల కోసం కాగితం మీద పెడుతున్నాను. చింతపండు ఆమెకి చదువొచ్చో లేదో. ఎవరైనా చదివి వినిపించండి.

ఆ రోజు వాకిట్లో ఉన్నది పార్సిళ్ల ఆటో ఆయన, పక్కింటి వదిన, చుట్టకి నిప్పు అడిగిన ఎదురింటి ముసలాయన, మంచినీళ్లు తాగిన చింతపండు ఆమె, తడి చేతులతో మా చెల్లి, నేను.