బొట్టు పెట్టిన ట్యాంకు

ఆ ఇంటికి ఆదోని నుంచి రెండు వచ్చాయి. ముందు ఇనుప ట్యాంకు, తర్వాత నేను. మర్యాద మాత్రం ట్యాంకుకే ఎక్కువ.

నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అది వెనక గదిలో బండల దిమ్మె మీద కూర్చుని ఉంది. మూతబడిన పత్తి మిల్లు పాత సామాన్లలోంచి దాన్ని ఏరి, ట్రాక్టర్లో వేయించుకొచ్చాడట మా మామ. నిలబెట్టాక దాని చుట్టూ గోడలు లేపి, పైన రేకులు కప్పి, మనిషి పట్టేంత తలుపు పెట్టించాడు. అది మళ్లీ బయటికి రావాల్సి ఉంటుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నా విషయంలోనూ అంతే అనుకోండి.

మా ఇంట్లో నేసేవి తెల్ల పంచెలు. పడుగు దారాలను వీధి పొడవునా చాచి, కుంచెతో గంజి పట్టించాలి. అప్పుడే మగ్గం మీద తెగకుండా ఆడతాయి. గంజి కాచడం, పట్టించడం నా పని. నీళ్లు ఆ ట్యాంకువి. ఆరిన పడుగు మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు తేలేవి. మామ వాటిని గోటితో గీకి, వీధంతా వినేలా అనేవాడు:

"ఆదోని పాపకు గంజి పెట్టేది రాదప్పా. గిన్నె కడగదు, సెయ్యి కడగదు."

పదకొండేళ్లు విన్నాను. మొదట్లో ఎవరి పడుగు చాచినా సాయానికి నన్ను పిలిచేవాళ్లు, తర్వాత మానేశారు. అది నాకు బాగా తగిలింది. మగ్గాల వీధిలో చేతిపని రాదన్న పేరు కంటే దొంగ అన్న పేరే నయం.

"నీళ్లల్లోనే తుప్పుండాది మామా," అన్నాను ఓసారి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ మాట. ఆ ఇనుము యాడిది అనుకుంటివి? మీ ఆదోనిదే. నీ మనమళ్లు కూడా ఆ నీళ్లే తాగుతారు సూడు."

మా ఆయన్ని అడిగితే, "దాన్ని తియ్యాలంటే గోడ పగలగొట్టాల" అని మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు. దిగడానికో గుంట ఉండటం మగవాళ్లకు ఎంత సుఖమో!

మామ భక్తి ఎంతటిదంటే, ఆయుధపూజకు మగ్గాల కంటే ముందు ముస్తాబు ట్యాంకుకే. ఏటా పాత రంగు మీదే కొత్త ఆకుపచ్చ రంగు పూసేవాడు. గీకడం మహాపాపం. రంగు మీద పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. ఆ ఎరుపులో కుంకుమేదో తుప్పేదో ఎవరూ చూడలేదు, దండం పెట్టేటప్పుడు కళ్లు మూసుకోవాలి కదా.

పోయిన దసరాకు నడుం నొప్పని బొట్లు పెట్టే పని నాకు అప్పగించాడు. తాను హారతి పళ్లెంతో ట్యాంకుకు ఎదురుగా నిలబడ్డాడు.

"బాగా ఆనేటట్ల పెట్టు పాపా."

మామ మాట నేనెప్పుడు కాదన్నాను? కుంకుమ అద్దిన బొటనవేలు ఆనించి ఒత్తాను. వేలు లోపలికి పోయింది.

తీశాను. ఎర్రనీళ్లు ధార కట్టి హారతిని ఆర్పేసి, మామ కొత్త పంచెను తడిపేశాయి. ఇనుము ఎప్పుడో పోయింది. ఇన్నేళ్లూ నీళ్లు మోసింది రంగే. పంచె ఆరాక చూస్తే దాని మీద ఎర్రటి చుక్కలు, అచ్చం నా పడుగుల మీద తేలినవే. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. నాకు నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

మామ అన్నది ఒక్కటే: "అంత గట్టిగా ఒత్తమని ఎవరు సెప్పినారు?"

తలుపులోంచి రాదు కాబట్టి, గ్యాస్ కటింగ్ చేసే ఆయన్ని పిలిపించి ముక్కలు కోయించాం. అడుగున జానెడు మందాన తుప్పు పేరుకుని ఉంది. "ఈ నీళ్లా అన్నా మీరు వాడుకుంటాండేది?" అన్నాడాయన. మామ పైన రేకుల వైపు చూశాడు. ముక్కలన్నీ పాత సామాన్ల వాడికి పోయాయి, బొట్టున్న ముక్క మాత్రం దేవుడి గూటి పక్కకు చేరింది.

ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లతో కాచిన గంజితో మొదటి పడుగు చాచిన రోజు, ఒక్క చుక్క లేకుండా ఆరింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. నేను కుంచె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క మాట కోసమే నిలబడ్డాను.

మామ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. దారాల మీద అరచెయ్యి రాశాడు. వీధంతా వినేలా అన్నాడు:

"ఈ తూరి నూలు మంచిది వచ్చినాదప్పా!"