పర్వీన్ కోసం మూడు విద్యలు

పెళ్లిళ్ల సీజన్ తప్పితే మట్టెవాడలోని సుకన్య డీటీపీ సెంటర్‌కు మధ్యాహ్నాలు ఎవరూ రారు. ఆ ఖాళీలో ఆమె కంప్యూటర్‌లో ఒక పాత ఆట ఆడుతుంది. కోటలు, గుహలు, మంత్రగాళ్లు, రాక్షసులు ఉండే ఆట. పాతికేళ్ల కిందటిది. నలభై దాటిన ఆడమనిషి తెర మీద కత్తియుద్ధం చేయిస్తుంటే వచ్చినవాళ్లు ఒక క్షణం చూసి, తమ పనేదో చెప్పుకుంటారు.

ఈ ఆట ఆమెకు నేర్పింది పర్వీన్. ఇద్దరూ డిగ్రీ చదివే రోజుల్లో పర్వీన్ అన్న లియాఖత్ అలీకి ఇదే వీధిలో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆయన నమాజుకో భోజనానికో వెళ్తే వీళ్లు మూల కంప్యూటర్ ముందు ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చునేవారు. మౌస్ పర్వీన్ చేతిలో, స్పేస్ బార్ సుకన్య వేలి కింద. స్పేస్ బార్ నొక్కితే ఆటలో కాలం ఆగుతుంది. అది ఆగినప్పుడే ఎవరు ఏం చేయాలో తగువులాడుకుని తేల్చుకోవాలి. పర్వీన్ బొమ్మది కత్తి విద్య. సుకన్య బొమ్మది వైద్యం. ఒకామె గాయపడితే ఇంకొకామె మాన్పేది.

పర్వీన్‌కు ఒక్కటే కొరత. కత్తితోపాటు మంత్రాలూ కావాలి. ఆట ఒప్పుకోదు. పొడుగు చెవుల జాతికైతే రెండు విద్యలు ఇస్తారు, మనిషికి ఒక్కటే. "మనిషేం పాపం చేసిండే?" అని పర్వీన్ తెరను తిట్టేది. డిగ్రీ పూర్తికాకముందే ఆమెకు గుల్బర్గా సంబంధం కుదిరింది. ఆ తర్వాత కలిసింది ఎవరి పెళ్లిలోనో, ఎవరి చావుకో, పదిమంది మధ్య. ఫోన్లో పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు. సుకన్య ఆట మాటెత్తితే, "ఇంక యాదికున్నదా నీకు?" అని నవ్వేది. సుకన్య ఇప్పటికీ కుర్చీలో ఒక పక్కకు జరిగే కూర్చుంటుంది.

మొన్న లియాఖత్ బిడ్డ పెళ్లి కార్డు పని సుకన్య దగ్గరికే వచ్చింది.

"పర్వీన్ వస్తాందా అన్నా?"

"రాక యాడికి పోతది? మేనత్త గదా."

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. పర్వీన్ అప్పుడు కోరిన మనిషిని తయారుచేయాలి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, మునుపటిలా ఒక్కసారి ఆడాలి. సుకన్యకు కావలసింది అంతే.

ఇలాంటి పాత ఆటలను విప్పి తమకు నచ్చినట్టు మార్చుకునే అభిమానులు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లు రాసిపెట్టింది చదువుకుంటూ సుకన్య ఆట పొట్టలోకి దిగింది. ఏ జాతికి ఏ విద్య చెల్లుతుందో చెప్పే పట్టిక ఉంది. చెల్లనిచోట సున్నా, చెల్లేచోట ఒకటి. మనిషి వరుసలో సున్నా తీసి ఒకటి పెట్టింది. ఆట తెరిస్తే తెర నల్లబడి ఊరుకుంది. ఎక్కడో రెండు అంకెల మధ్య ఖాళీ చెరిగిపోయింది. అది సరిచేస్తే బొమ్మ కత్తి పట్టుకుంది గానీ మంత్రాల పేజీ తెరుచుకోలేదు.

భర్త సదానందం మోటార్ వైండింగ్ చేస్తాడు. పెళ్లిళ్లప్పుడు బ్యాండులో డోలు కొడతాడు. ధర్మసాగర్‌లో అన్నదమ్ముల పొత్తులో ఇంత పొలం ఉంది. అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి తెరలోకి తొంగి చూశాడు.

"ఏం జేస్తానవే?"

"మనిషికి ఒక్కటే పని రావాలని ఇందుల రూలు. తీసేస్తాన."

"ఒక్క పనితోటి మట్టెవాడల ఎవడు బతుకుతాండు? ఆ రూలు రాసినోన్ని జర మన గల్లీకి తోలు."

"నిన్ను చూస్తె రూలు వాడే చింపుకుంటడు."

"నా డోలు ఇంటె ఊరే ఇడిసిపెడ్తడు" అని సదానందం సైకిలెక్కాడు.

కొన్నాళ్లకు కత్తి, మంత్రం రెండూ కుదిరాయి. అక్కడితో ఆగాల్సింది. కానీ సుకన్య పుట్టింట్లో చుట్టం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి ఇంకో గరిటె జారవిడుస్తారు. ఆమెదీ అదే చెయ్యి. ఇన్నేళ్లకు వస్తోంది, ఏదీ తక్కువ కావద్దనుకుని వైద్యం కూడా కలిపింది. ఒకటికి మించి విద్యలు నేర్చినవాళ్లకు ఒక్కో విద్యలో బలం తగ్గుతుందని ఆట నియమం. ఆ కోత కూడా ఎత్తేసి, బొమ్మకు పర్వీన్ పేరు పెట్టింది.

పెళ్లికి ముందురోజు గాజుల కోసమని బయల్దేరిన పర్వీన్ దుకాణంలోకి వచ్చింది. ముసుగు పైకి తీసి తెర చూసి, "అరె, ఇది ఇంక బతికే ఉన్నదా!" అంది.

"కూసో. మౌస్ పట్టు. ఇప్పుడు నీకు మంత్రం కూడ వస్తది."

"ఝూట్!"

"నొక్కి చూడే."

నిప్పుల ఉండ గుహలోకి దూసుకుపోయింది. పర్వీన్ వేసిన కేకకు ఎదురు దుకాణపాయన తల బయటపెట్టి చూశాడు. రెండో గుహలో రాక్షసులు ఆమె దగ్గరికి రాకముందే కాలిపోయారు. మూడో గుహలో చిన్న గాయమైంది. పర్వీన్ బొమ్మే దాన్ని మాన్పుకుంది. సుకన్య వేలు స్పేస్ బార్ మీద ఉంది. దాన్ని నొక్కాల్సిన అవసరమే రాలేదు.

"నీ బొమ్మ ఊకనే నిలబడ్డదేందే?"

"నీకు ఆమెతోటి అక్కెర పడ్తలేదు గదా."

పర్వీన్ ఇంకో గుహ దాటింది. ఈసారి కేక వేయలేదు. ఫోన్ మోగింది. "ఆ భాభీ, వస్తాన, తొవ్వలనే ఉన్న" అంటూ లేచింది. "చాన కష్టపడ్డవే. మంచిగున్నది" అంది. కార్డు ప్రూఫు చూసి కస్టమర్లు కూడా అలాగే అంటారు.

ఆమె వెళ్లాక సుకన్య తెర వైపు చాలాసేపు చూసింది. అన్నీ తెలిసిన ఒక మనిషి, ఆమె వెనక పనిలేని ఇంకో మనిషి. పట్టిక తెరిచి, వైద్యం కింద పెట్టిన ఒకటిని తీసి సున్నా చేసింది. ఎత్తేసిన కోతను కూడా మళ్లీ పెట్టింది.

మర్నాడు పెళ్లిలో ఆడవాళ్ల వైపు బిర్యానీ వడ్డిస్తుంటే సుకన్య పర్వీన్ చెవి దగ్గర చెప్పింది.

"నీ విద్యలల్ల ఒకటి తీసేసిన."

"ఏది?"

"దవాఖాన పని. అది నాది."

పర్వీన్ ఆమె ముఖంలోకి చూసింది. "ఇచ్చింది గుంజుకుంటానవా?"

"గుంజుకుంటాన."

"సిగ్గులేదే నీకు" అని పర్వీన్ గట్టిగా నవ్వింది. పక్కవాళ్లు తిరిగి చూశారు. "రేపు మధ్యాహ్నం మా బండి. పొద్దుగాల తెరుస్తవా దుకాణం?"

మర్నాడు సుకన్య మామూలు కంటే ముందే షట్టర్ ఎత్తి రెండు కుర్చీలు వేసింది. పర్వీన్ చెప్పినట్టే వచ్చింది. ఆమె భర్త సామాను సర్దించి ఆటోలో నేరుగా ఇక్కడికే వస్తాడట. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఆట మొదలుపెట్టారు. గుహలో రాక్షసులు ఈసారి కాలలేదు, మీద పడ్డారు. పర్వీన్ మంత్రం సగంలోనే చెడిపోయింది.

"ఏయ్, ఎనక్కు రావే!" అని సుకన్య అరిచింది.

"నువ్వే ముందల్కి రా! మందెయ్యి! గా మూలకు నిలబడితె ఎట్ల?"

"నడుస్తాంది గదా, కనబడ్తలేదా?"

"నడుసుడు గాదు, ఉరుకుమను!"

ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి. తెర మీద పర్వీన్ ప్రాణం చివరి గీత దగ్గర ఉంది. సుకన్య బొమ్మ ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉంది. అప్పుడే వీధిలో ఆటో హారన్ మోగింది. సుకన్య స్పేస్ బార్ నొక్కి ఆటలో కాలం ఆపింది. హారన్ మళ్లీ మోగింది. పర్వీన్ లేచి, ముసుగు సవరించుకుని, "గెలిపియ్యే నన్ను" అని చెప్పి వెళ్లిపోయింది.

మౌస్ ఇప్పుడు ఖాళీగానే ఉంది. ఒక్కసారి నొక్కితే ఆ గాయం మానుతుంది, ఆ గుహ అయిపోతుంది. సుకన్య నొక్కలేదు. దెబ్బలు తిన్న పర్వీన్‌ను అలాగే సేవ్ చేసి, కంప్యూటర్ కట్టేసి, ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది.